చెమ్మ గది

ఆ ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుతుంటే మామగారొక్కరే పెళ్ళికొడుకులా సోఫాలో కూర్చుని ఉన్నారు. సరదాపడి కూర్చోలేదు, కూర్చోబెట్టారు. లేవబోయినప్పుడల్లా మెట్ల మీంచి అల్లుడి గొంతు వినిపిస్తోంది. "అయ్యయ్యో, మీరు కూర్చోండి మామయ్యగారూ!" ఇంకోసారి లేస్తే చేతిలో బరువు వదిలేసి వచ్చి మరీ కూర్చోబెట్టేలా ఉన్నాడు. అందుకని చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి దారికైనా అడ్డమేమోనని పాదాలు కూడా వెనక్కి లాక్కుని కూర్చున్నారు.

ఇంటి అడుగున, నేలలోకి దిగి ఉన్న కింది గది ఖాళీ అవుతోంది. ముందుగా పైకి వచ్చింది వ్యాయామం మిషను. అల్లుడు బొజ్జ తగ్గించుకుందామని తెచ్చి పెట్టుకున్నది. ఒక కొస అల్లుడు, ఇంకో కొస తాపీమేస్త్రీ పట్టుకుని మెట్టుమెట్టుకీ "ఆగు, ఆగు" అనుకుంటూ ఎక్కించారు. బొజ్జ ఎక్కడిదక్కడే ఉంది గానీ మిషనే తుప్పుపట్టి చిక్కింది. దాని వెనక మనవరాలి నిలువుటద్దం వచ్చింది. స్నేహితురాళ్ళతో డాన్సు చెయ్యడానికని గోడకి పెట్టించుకుంది, కానీ అందులో ఎప్పుడు చూసుకున్నా మొహం మసకే. ఆ తర్వాత కూతురు దండెం తాళ్ళు మోచేతికి చుట్టుకుంటూ పైకి వచ్చింది. రెండు రోజుల కింద ఆరేసిన దుప్పటి ఆరకపోగా, ఆరేసినప్పటికంటే బరువెక్కిందట.

"వాసన చూడు నాన్నా" అని దుప్పటి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

ఆయన చూశారు. తడిసిన మట్టి వాసన, పాత కర్ర వాసన. ఆయనకి బాగానే ఉంది. కానీ అందరూ మొహాలు చిట్లించుకుంటున్నారు కాబట్టి మర్యాదకి ఆయన కూడా కాస్త చిట్లించారు.

తాపీమేస్త్రీ చేతులు దులుపుకుని తీర్పు చెప్పాడు. "నేల చెమట పడుతోంది సార్. పూసింది నేనే, చెప్తున్నదీ నేనే. ఇంకెన్ని పూతలు పూయించినా మీ డబ్బు గోడకేసిన సున్నమే. సున్నం వేసేవాణ్ణి, ఆ మాట నేను అనకూడదు గానీ."

"మరేం చెయ్యమంటావు?"

"పూడ్చెయ్యడమే. వచ్చే ఆదివారం ఇటుక ముక్కలు తెచ్చి వీధి కిటికీలోంచి పోసేస్తా. పైన గచ్చు చేసేస్తే పీడా వదుల్తుంది, చెమ్మా వదుల్తుంది."

అల్లుడి కుడికాలు నేలని గట్టిగా నొక్కింది. అతను కారు నడపడం నేర్పే మనిషి. రోజంతా పక్క సీట్లో, కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని కూర్చుంటాడు. అందుకని భయమేసినా, మొహమాటపడ్డా, ఏం చెప్పాలో తోచకపోయినా ఆ కాలు దానంతటదే నేలని నొక్కేస్తుంది. ఇప్పుడు నొక్కుతూనే మామగారి వైపు తిరిగాడు.

"మీరేమంటారు మామయ్యగారూ?"

"మీ ఇల్లు, మీ ఇష్టం అల్లుడుగారూ" అన్నారు మామగారు.

ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క జవాబే. కిటికీ తెరలు ఏ రంగువి కొందామన్నా అదే, రాత్రికి ఏం వండమంటారన్నా అదే. ఈ మాటకి కూతురు మొదట్లో నవ్వేది, తర్వాత విసుక్కునేది, ఇప్పుడు వినిపించుకోవడం మానేసింది. దండెం తాళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అలా కింది గది సంగతి తేలిపోయింది.

మామగారు పేము కుర్చీలు అల్లేవారు. అల్లేవారు అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు గానీ నిజానికి అల్లుతూనే ఉన్నారు, కాకపోతే దొంగచాటుగా. గదిలో మంచానికీ బీరువాకీ మధ్య మనిషి పట్టేంత సందులో పాత దుప్పటి పరిచి, బేసినులో నీళ్ళు పెట్టుకుని, పేము నారని నానబెట్టి, కుర్చీ చట్రం కన్నాల్లోంచి దూర్చి లాగుతుంటారు. ఆ గదికి ఎండ ఎక్కువ, గాలి ఎక్కువ. మనుషులకి మంచిదే, నారకి మాత్రం శత్రువు. ఇలా లాగేలోపు అలా ఆరిపోయి టప్పుమంటుంది. ఒక వరస అల్లడానికి నాలుగుసార్లు ముంచాలి. ముంచినప్పుడల్లా నేలమీద నీళ్ళు పడతాయి. పడ్డ నీళ్ళని ఎవరూ చూడకముందే జేబురుమాలుతో తుడిచేస్తారు. ఎవరైనా వచ్చే అలికిడైతే కుర్చీ మంచం పక్కకీ, బేసిను మంచం కిందకీ పోతాయి.

అలా అని ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. అదే వచ్చిన చిక్కు. "ఈ వయసులో నీకెందుకు నాన్నా, హాయిగా కూర్చోరాదూ?" అంటుంది కూతురు. హాయిగా కూర్చోవడమంటే ఏమిటో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. జీవితమంతా ఎదుటివాళ్ళకి చేసిపెట్టింది అదేగా. తాగిన గ్లాసు తనే కడుక్కుందామంటే మనవరాలు లాక్కుంటుంది. దీపం ఆర్పడానికి లేస్తే అల్లుడు పరుగెత్తుకొస్తాడు. ఇల్లరికపు అల్లుళ్ళని విన్నాం గానీ ఇల్లరికపు మామని నేనొక్కణ్ణేనేమో అని ఆయన అప్పుడప్పుడు తనలో తనే నవ్వుకుంటారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

ఆ సాయంత్రం ఆయనకి చటుక్కున ఓ సంగతి గుర్తొచ్చింది. అల్లుడి స్నేహితులు టీకి వచ్చిన రోజున కంగారులో నార కట్టని తీసుకెళ్ళి కింది గదిలో, వ్యాయామం మిషను వెనక పడేశారు. ఆ తర్వాత మరిచేపోయారు. ఇన్నాళ్ళూ ఆ చెమ్మలో ఉంది, బూజుపట్టి పోయే ఉంటుంది. అయినా పూడ్చేలోపు చూద్దామని ఇంట్లో సందడి సద్దుమణిగాక మెట్లు దిగారు.

గది ఖాళీగా, చల్లగా ఉంది. గోడ తాకితే చెయ్యి తడిగా వచ్చింది. వీధి కిటికీలోంచి సాయంత్రపు ఎండ పలకలా నేలమీద పడి ఉంది, ఆ ఎండలో పోయేవాళ్ళ చెప్పుల నీడలు కదులుతున్నాయి. దీపం కోసం గోడ తడుముకుంటూ అడుగు వేశారో లేదో కాలికి ఏదో చుట్టుకుంది. ముందుకి తూలి గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు. చూస్తే నార కట్టే. వెతకబోయిన తీగ కాలికి తగలడమని అంటారు, అది ఇంత అచ్చంగా జరగడం ఆయన ఎన్నడూ చూడలేదు.

కట్ట విప్పి వాసన చూశారు. బూజు లేదు. ఒక నార లాగి వేళ్ళ మధ్య వంచారు, టప్పుమంటుందని కళ్ళు సగం మూసుకుని. అనలేదు. ఇంకా వంచారు. చిటికెన వేలికి ఉంగరంలా చుట్టారు. అది పసిపిల్ల జుట్టులా మెత్తగా, చెప్పినట్టల్లా చుట్టుకుంది. ముంచలేదు, నానబెట్టలేదు, అయినా అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టుంది.

"ఓహో!" అన్నారు ఆయన, ఖాళీ గదిలో, పైకే.

ఆ తర్వాత కుర్రాడిలా మెట్లెక్కి తన గదిలోంచి కుర్చీ తెచ్చుకున్నారు. అది పక్కింటి కళ్ళజోడావిడది. వాళ్ళాయన అందులో కూర్చుని లేవబోతే కుర్చీ కూడా ఆయనతోపాటు లేచిందట. చిల్లులోంచి ఆయన్ని బయటికి లాగడానికి ఇద్దరు మనుషులు పట్టారట. మేస్త్రీ వదిలేసి వెళ్ళిన బకెట్టుని బోర్లించి, దాని మీద కూర్చుని, మామగారు ఒక వరస మొదలుపెట్టారు. నిలువు నారల మధ్యనుంచి అడ్డం నార పైకీ కిందకీ దూర్చుకుంటూ పోయారు. వరస అయిపోయింది. ఒక్కసారి కూడా ముంచలేదు. ఇంకో వరస. కిటికీలో చెప్పులు పోతున్నాయి, వస్తున్నాయి. ఎప్పుడో మరిచిపోయిన కూనిరాగం ఒకటి గొంతులోకి వచ్చి కూర్చుంది. కూతురూ అల్లుడూ మనవరాలూ ఒకరి తర్వాత ఒకరు తిట్టుకున్న చెమ్మ ఇదే. ఈ చెమ్మ కోసం ఆయన ఎండాకాలమంతా బేసిను చుట్టూ తిరిగారు.

"నాన్నా, భోజనం!" అని పైనుంచి కేక వినపడగానే నార వదిలేసి లేచారు. రెండో పిలుపు దాకా ఉంచడమన్నది ఆ ఇంట్లో ఆయన ఎరగరు. పిలిచినా రాని చుట్టం ఎవరికీ నచ్చడు కదా. మెట్లెక్కుతుండగా గుర్తొచ్చింది, వచ్చే ఆదివారం ఈ గది ఉండదు.

*

అడగాలి. అంతే కదా, నోరు తెరిచి అడగాలి. కానీ కూతురింటికి వచ్చాక ఆయన ఒక్కటంటే ఒక్కటి అడిగిన పాపాన పోలేదు. ఉప్పు తక్కువైతే తక్కువగానే తిన్నారు. అలాంటిది ఏకంగా ఒక గది అడగడమంటే, ఈత రానివాణ్ణి నడి ఏట్లోకి దిగమన్నట్టే ఉంది.

సోమవారం టిఫిను దగ్గర గొంతు సవరించుకున్నారు. కూతురు వెంటనే మంచినీళ్ళు అందించింది. తాగి ఊరుకున్నారు. మంగళవారం కూతురు ఇస్త్రీ చేసుకుంటుంటే పక్కన నిలబడి, "ఆ కింది గది ఉంది చూశావూ..." అని మొదలుపెట్టారు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తుంది. సరిగ్గా అప్పుడే ఎవరికో పంటినొప్పి ముంచుకొచ్చి ఫోను మోగింది. ఆమె భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, "చెప్పు నాన్నా" అని సైగ చేసింది. ఒక చెవిలో పంటినొప్పి పెట్టుకున్న మనిషిని గది ఎలా అడుగుతారు? ఏం లేదని చెయ్యి ఊపి వచ్చేశారు.

బుధవారం పిట్టగోడ మీంచి కళ్ళజోడావిడ పలకరించింది.

"కుర్చీ ఎంతవరకు వచ్చిందండీ? మా ఆయన పాపం నించునే పేపరు చదువుతున్నాడు."

"అడ్డాలు అయిపోయాయమ్మా. ఇక ఏటవాలు వరసలే. కింది గదిలో నార చెప్పినట్టు వింటోంది." ఆ మాట అనగానే మొహం వెలిగిపోయింది, వెంటనే వాడిపోయింది. "దాన్ని పూడ్చేస్తున్నారు."

"పూడ్చడం దేనికి? మీకిమ్మనండి."

"వాళ్ళ ఇల్లు కదమ్మా."

ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి దించి, పైనుంచి చూసింది. "అడగందే అమ్మైనా పెట్టదండీ. మీ అమ్మాయి మటుకు మీ మనసులో దూరి చూస్తుందా ఏమిటి? మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది, నాతో చెప్పించకండి."

ఆ సామెత తలుచుకుని ఆయన నవ్వారు. ఆ నవ్విచ్చిన ధైర్యంతోనే మర్నాడు సాయంత్రం, అల్లుడు గేటు ముందు కారు కడుగుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డారు. ఏం చెప్పాలో దారిలో అంతా కూర్చుకున్నారు: ఆ గదిలో చెమ్మ నా పనికి బాగుంది, పూడ్చకుండా ఉంచితే కిందకి వెళ్ళి పని చేసుకుంటాను. తేలిక మాటలు.

"అల్లుడుగారూ, ఒక్క మాట."

అల్లుడు పైపు కట్టేశాడు. చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "చెప్పండి మామయ్యగారూ."

"నేనూ... కిందకి వెళ్ళిపోదామనుకుంటున్నాను."

అడగడం అలవాటు లేని నోరు. పది మాటలు రావలసిన చోట రెండే వచ్చాయి, ఆ రెండూ ఎదురు తిరిగాయి. వెళ్ళి పని చేసుకుంటాను అనబోయి వెళ్ళిపోదామన్నారు. వీధి చివరికి పోతున్నా 'వెళ్ళొస్తా' అనే మనుషుల్లో ఇంట్లో పెద్దాయన 'వెళ్ళిపోతా' అంటే దానికి ఒకటే అర్థం. అల్లుడి కుడికాలు తడి నేలని నొక్కింది, చెప్పు జర్రున జారింది.

"ఎవరైనా... ఎవరైనా ఏమన్నా అన్నారా మిమ్మల్ని?"

"అబ్బే, ఎవరంటారు? నాకే కింద బాగుంటుందని."

"ఏమేవ్!" అని కేకేశాడు అల్లుడు. అంత గట్టిగా అతను కేకెయ్యడం ఆయన ఎప్పుడూ వినలేదు.

కూతురు వచ్చింది, విన్నది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీ గదికి ఏం తక్కువైంది నాన్నా? ఎండొస్తుందని, గాలొస్తుందని ఉన్నవాటిలో మంచిది ఏరి నీకిచ్చాం. కన్నతండ్రిని గుంతలో పడేసిందని నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యాలా?"

"అది కాదమ్మా. అక్కడ చెమ్మ ఉంది కదా..."

"చెమ్మ ఉందనే కదా పూడుస్తున్నది!"

"ఆ చెమ్మే బాగుంది."

కూతురూ అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఆయన చూశారు. పెద్దాయన మాట తడబడుతోందా, మనసు తడబడుతోందా అని వాళ్ళు బెంగపడుతున్నారు. ఇక అక్కడినుంచి ఆయన ఏం చెప్పబోయినా, "మీరు దాని గురించి ఆలోచించకండి మామయ్యగారూ, మీరు ఈ ఇంటి పెద్ద" అంటూ భుజం పట్టుకుని లోపలికి నడిపించాడు అల్లుడు.

ఆ రాత్రినుంచి మర్యాద ఇంకా పెరిగింది. మంచం మీదకి ఇంకో దిండు వచ్చింది. మనవరాలు పాటలు పెట్టుకోవడం మానేసి గదిలోకి తొంగిచూస్తూ, "తాతయ్యా, బాగున్నావా?" అని గంటగంటకీ అడిగిపోయింది. అల్లుడు తను చదువుకునే దీపం తెచ్చి ఆయన తలాపున పెట్టాడు. ఆయనకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. బతుకులో మొదటిసారి ఒకటి అడిగితే, గౌరవంతోనే లేదన్నారు. ఇంత ప్రేమలో తనకి ఊపిరాడడం లేదని ఆయన ఆ కొత్త దిండు మీద తల పెట్టుకుని ఒప్పుకున్నారు. వీళ్ళకి తన మీద ప్రేమ లేకపోతే ఎంత తేలికయ్యేది, ఓ మాట అనేసి ఉండేవారు.

*

ఆదివారం ఇంట్లో ఎవరూ లేవకముందే మామగారు కుర్చీ భుజానికి తగిలించుకుని కిందకి దిగిపోయారు. గొడవ చెయ్యాలని కాదు. పూడ్చేలోపు కుర్చీ పూర్తయిపోతే, ఆ చెమ్మకి చెప్పవలసిన కృతజ్ఞత చెప్పినట్టుంటుందని. అంతకు మించి ఏమీ అనుకోలేదని ఆయన తర్వాత ఎన్నిసార్లో చెప్పారు. ఎవరూ నమ్మలేదు.

ఏటవాలు వరసలు అల్లికలో గడుసు భాగం. నిలువులు, అడ్డాలు అన్నీ అయ్యాక వాటి మీంచి మూలకి మూల నార దూర్చి బిగించాలి. ప్రతి వరసకీ కన్నంలో చిన్న కర్ర చీల దిగ్గొట్టి నార జారకుండా ఆపుకోవాలి. ఒక్క చీల ఊడితే ఆ ఒక్క వరసే కాదు, దాన్ని నమ్ముకున్న వరసలన్నీ సడలుతాయి. ఆయన కుర్చీని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నారని బొటనవేలి మీదుగా లాగుతూ, కిటికీ వెలుతురులో కన్నం వెతుక్కుంటున్నారు. సగం పైగా అయింది. కూనిరాగం మళ్ళీ వచ్చింది.

ఉన్నట్టుండి వెలుతురు పోయింది. కిటికీ నిండా ఒక తట్ట, తట్ట నిండా ఇటుక ముక్కలు.

"ఎవరయ్యా అది, వెలుతురుకి అడ్డం!" అని కసిరారు మామగారు.

తట్ట ఉలిక్కిపడి వెనక్కి పోయింది. రెండు ఇటుక ముక్కలు మాత్రం లోపలికి దొర్లి ఆయన కాళ్ళ దగ్గర ఆగాయి. ఆ హడావుడిలో చీల ఒకటి ఊడి, ఎగిరి, ఏ మూలకో పోయింది. వదులైన నారని ఆయన రెండు చేతులతో గబుక్కున అదిమిపట్టారు. పైనుంచి తాపీమేస్త్రీ గొంతు వీధంతా వినిపించింది.

"సార్! లోపల మీ మామగారున్నారు సార్! ఆయన్ని తీశాక పొయ్యమంటారా, కలిపి పొయ్యమంటారా?"

మెట్లమీద దడదడా అడుగులు. అల్లుడు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో దిగాడు. వెనకే మేస్త్రీ.

"మామయ్యగారూ, దయచేసి పైకి రండి."

"వస్తానండీ. ఒక్క చీల వెతికిపెడతారా? ఇది వదిలితే అల్లిందంతా సడలిపోతుంది."

అల్లుడు నేలంతా చూశాడు, చీల కనిపించలేదు. "పోనీ నేను పట్టుకుంటాను, మీరు పైకి వెళ్ళండి."

"మీరెలా పట్టుకుంటారు అల్లుడుగారూ? కిందనుంచి పట్టుకోవాలి. కన్నం దగ్గర, బొటనవేలితో, ఇలా."

అల్లుడు నేలమీద మోకాళ్ళు వేసి, కుర్చీ కింద తల దూర్చి, చూపించినచోట బొటనవేలు పెట్టాడు. మామగారు చేతులు తీశారు. నార ఆగింది. ఆగింది కదా అని, చేతులు ఖాళీ అయ్యాయి కదా అని, ఆయన అలవాటుగా పక్క వరస అందుకున్నారు. దూర్చిన కొస కిందకి రాగానే, "ఇదీ లాగండి" అన్నారు. అల్లుడు లాగాడు. ఇంకోటి దూర్చారు. దాన్నీ లాగాడు. ఒక్కరు చేస్తే పైకీ కిందకీ కుర్చీని తిప్పుకోవలసిన పని, ఇద్దరి మధ్య చకచకా సాగింది. పైకి వెళ్ళే మాట ఇద్దరూ మరిచిపోయారు. మేస్త్రీ మెట్టు మీద చతికిలబడి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు.

కాసేపటికి అల్లుడికి చెయ్యి నొప్పెట్టింది కాబోలు, పట్టు వదులైంది. నార కన్నంలోంచి జర్రున జారసాగింది. కంగారులో అల్లుడి కుడికాలు ధన్‌మని నేలని నొక్కింది. చెయ్యి మటుకు కదల్లేదు.

"వదలకురా!" అని అరిచారు మామగారు. "లాగు! కాలితో తొక్కితే ఆగడానికి ఇదేం కారనుకున్నావా? చేత్తో లాగు! ఊఁ, ఇంకా! తిన్నదంతా ఎక్కడికి పోతోంది నీకు?"

అల్లుడు లాగాడు. నార బిగిసింది.

మెట్టు మీద మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. ఏమన్నారో మామగారికి అప్పుడు తెలిసొచ్చింది. అల్లుణ్ణి 'రా' అన్నారు. అతని ఇంట్లో కూర్చుని, అతని తిండి తింటూ, తిన్నదెక్కడికి పోతోందన్నారు.

"అల్లుడుగారూ, పొరపాటైంది. ఏదో పనిలో పడి... మన్నించాలి మీరు..."

కుర్చీ కింద కదలిక లేదు. అల్లిక కన్నాల్లోంచి అల్లుడి మొహం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. ఓ కన్నంలో నురగ, ఓ కన్నంలో కన్ను. ఆయన వంగి చూశారు. ఆ మొహం నవ్వుతోంది. మామూలుగా ఆయన ముందు పెట్టే పొందికైన నవ్వు కాదు. చెవులదాకా పోయిన నవ్వు.

"మన్నించను" అన్నాడు అల్లుడు. "మళ్ళీ 'గారూ' అంటే అసలు మన్నించను."

"అదేమిటి..."

"మా దగ్గర నేర్చుకోవడానికి రెండు రకాల వాళ్ళు వస్తారు మామయ్యా. వీడికి వస్తుందిలే అనిపించినవాణ్ణి తిడతాం. చెడామడా తిడతాం. వీడికి ఈ జన్మకి రాదనుకున్నవాణ్ణి మాత్రం, 'నెమ్మదిగా అండీ, పర్వాలేదండీ' అని మర్యాదగా గంట గడిపేసి పంపించేస్తాం." అతను కుర్చీ కిందనుంచే ఊపిరి తీసుకున్నాడు. "మీరు వచ్చిన రోజునుంచీ నన్ను అండీ, అండీ అంటూనే ఉన్నారు. మీ ఇల్లు, మీ ఇష్టం అంటూనే ఉన్నారు. నేనిక మీకు ఎందుకూ పనికిరాననుకున్నావని... అనుకున్నారని..." మాట తడబడి, మీరూ నువ్వూ కలిసిపోయి, తనే నవ్వేశాడు.

ఇన్నాళ్ళూ మామగారు తనొక్కరే ఈ ఇంట్లో చుట్టమనుకున్నారు. తను ఇంట్లోవాళ్ళందరినీ చుట్టాలుగా చూస్తున్న సంగతి ఆయనకి తట్టనే లేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెంటనే పెద్ద సంతోషం ముంచుకొచ్చింది. ఏదో ఒకటి అనాలి. ప్రేమగా అందామని చూశారు గానీ చేతిలో నార ఉంది, అల్లిక ఇంకా మిగిలే ఉంది.

"సరేలేవోయ్. మాటలు తర్వాత. ఆ పక్క కన్నం చూడు" అన్నారు.

"చూస్తున్నా. అవునూ, ఇది ముంచక్కర్లేదా? పైన మీ మంచం కింద నీళ్ళ బేసిను చూశాను..."

"పైన ఎండకి ఆరి విరుగుతుంది. ఇక్కడ చెమ్మకి మెత్తగా ఉంటుంది. అల్లేది కింద, ఆరబెట్టేది పైన. ఆరితే కుర్చీ బిగిసి ఇనుములా తయారవుతుంది."

"ఆ చెమ్మే బాగుందన్నది ఇందుకా!" అల్లుడు ఎగిరి లేవబోయి కుర్చీకి తల బాదుకున్నాడు. "ఆ ముక్క ముందే చెప్పకూడదూ?"

"చెప్పనిచ్చారా మీరు? దిండ్లు పెట్టి నొక్కేశారు కదయ్యా!"

మెట్టు మీద మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక, "మరి ఈ ఇటుక ముక్కలేం చెయ్యను సార్?" అని అడిగాడు. అలవాటుగా అల్లుణ్ణే అడిగాడు. అల్లుడు కుర్చీ కిందనుంచి వేలితో పైకి చూపించాడు. మేస్త్రీ మామగారి వైపు తిరిగాడు.

మామగారి నాలుక చివరికి పాత జవాబు వచ్చేసింది. దాన్ని మింగేశారు. "గేటు ముందు గుంట ఉందిగా, వాన పడితే కారు చక్రం దిగబడుతోంది. అందులో పొయ్యి. గట్టిగా దిమ్మిస కొట్టు. ఆ తర్వాత ఇక్కడికొచ్చి ఆ గోడకి రెండు కొయ్య మేకులు కొట్టిపెట్టు, నార తగిలించుకోవాలి. గోడకి మాత్రం ఏ పూతా పుయ్యకు."

"చెమ్మ పోకుండా చూడమంటారు" అన్నాడు మేస్త్రీ. "నా జన్మలో ఇలాంటి పని ఎవరూ చెప్పలేదు పెద్దాయనా. మా ఇంట్లో కూడా ఓ పేము కుర్చీ ఉంది, మా ఆవిడ దాని మీద బకెట్టు పెట్టేసుకుంది."

"పట్టుకురా. బకెట్టు ఇంట్లో పెట్టి రా."

వీధి కిటికీలో చెప్పులు ఆగాయి. ఆ చెప్పుల పక్కన కళ్ళజోడు వంగింది. "నా కుర్చీ అయిందాండీ?" అని పక్కింటావిడ గొంతు. "అయిపోవచ్చింది, సాయంత్రానికి ఆరుతుంది" అని కుర్చీ కిందనుంచి అల్లుడే జవాబిచ్చాడు, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అదే పని చేస్తున్నట్టు.

పైన వంట అయింది. "నాన్నా, భోజనం!" అని పిలిచింది కూతురు. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచింది. మొగుడి జాడ లేదు, తండ్రి జాడ లేదు. మూడోసారి పిలిచి, గరిటె చేతిలో పట్టుకునే కింది గది మెట్లు దిగింది. తండ్రి ఎప్పుడూ రెండో పిలుపు దాకా ఉంచలేదు మరి.

బోర్లించిన బకెట్టు మీద తండ్రి. కుర్చీ కిందనుంచి రెండు కాళ్ళు. సగం గడ్డానికి నురగ ఎండి అట్టకట్టిన మొగుడు.

"నాన్నా, కంచాలు పెట్టేశాను. చల్లారిపోతుంది."

"చల్లారనీవే" అన్నారు మామగారు, తలెత్తకుండానే. "వాడికీ నాకూ ఇక్కడ ఇంకో రెండు వరసల పనుంది."

"ఎవడికీ?" అంది కూతురు.

"నాకే" అన్నాడు మొగుడు కుర్చీ కిందనుంచి, ఎంతో గర్వంగా.

ఆమె ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మామగారు నార చివర పంటితో కొరికి, మూలకి లాగి, అప్పుడు తలెత్తారు.

"అలా నిలబడిపోయావేమే? మనింట్లో భోజనానికి వేళేమిటి? ఎప్పుడు తింటే అప్పుడే."

ఆ మాట అన్నట్టు ఆయనకి తెలియదు, అప్పటికే వంగి పక్క కన్నం వెతుక్కుంటున్నారు. కూతురు గరిటె ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. నవ్విందో ఏడ్చిందో కుర్చీ కింద ఉన్నవాడికి కనిపించలేదు. తర్వాత లేచి, పైకి వెళ్ళి, మనవరాల్ని కేకేసింది. ఆ పూట వాళ్ళు పైకి రాలేదు, కంచాలే కిందకి దిగాయి.